బురుజుపాడు రోడ్డు పునఃప్రాచీనీకరణ

తుమ్మలసంత నుంచి బురుజుపాడుకు తొమ్మిది కిలోమీటర్లు. ఆ తొమ్మిదీ కొండల మధ్య మెలికలు తిరుగుతూ పోయే కంకర రోడ్డు. అసిస్టెంట్ ఇంజనీరు చెన్నకేశవులు దాని మీద రెండు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్ల మేర తారు వేసి, రోలరు పక్కకు నిలిపి, కూలీలతో పాటు కానుగ చెట్టు నీడన అన్నం తింటూ ఉండగా పని ఆపమని ఉత్తర్వు వచ్చింది.

చెన్నకేశవులుకు అప్పటికి ఉద్యోగంలో పదకొండేళ్లు. ఆ పదకొండేళ్లలో కొలత తగ్గకుండా, ఎవరి మాటా పడకుండా, పుస్తకంలో చదువుకున్నట్టే వేయగలిగిన రోడ్డు అదొక్కటే. సాయంత్రం కూలీలు వెళ్లిపోయాక చెప్పులు విప్పి, చల్లారిన తారు మీద కాసేపు ఒంటరిగా నడిచేవాడు. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు.

ఉత్తర్వులో కారణం వివరంగా ఉంది. కొండదారుల పర్యాటక ప్రాధికార సంస్థకు ప్రత్యేకాధికారి అయిన హిమకరరావు గారు మధ్యధరా సముద్రంలోని ఒక ద్వీపానికి అధ్యయన యాత్ర మీద వెళ్లి పన్నెండు రోజులు ఉండి వచ్చారు. అక్కడికి దేశదేశాల వాళ్లు లావు టైర్ల సైకిళ్లు పట్టుకొని వస్తారట. తారు లేని కొండదారులు వెతుక్కుని మరీ తొక్కుతారట. ఆలివ్ తోటల పక్కనుంచి, కూలిన బురుజుల పక్కనుంచి, రెండు వేల ఏళ్ల నాటి రాతి మెట్ల పక్కనుంచి పోయి, సాయంత్రానికి ఏదో ఒక పల్లెలో రొట్టే జున్నూ తిని పడుకుంటారట. హిమకరరావు గారు కూడా నూట నలభై కిలోమీటర్లు తొక్కారు. రెండుసార్లు పడ్డారు. రెండోసారి పడినప్పుడు, వెల్లకిలా పడి ఉండి, తలపైన ఎండనూ, ఎదురుగా సగం కూలిన బురుజునూ, దాని మీద నిలబడిన మేకనూ చూశారు. ఇవన్నీ మన దగ్గరా ఉన్నాయి కదా అన్న ఆలోచన ఆయనకు అక్కడే కలిగింది. ద్వీపంలో ఉన్నవేవీ బురుజుపాడులో లేకపోలేదు. బురుజుపాడులో ఎక్కువైందల్లా తారు.

మండలాఫీసులో మీటింగు పెట్టారు. హిమకరరావు గారు మోచేతికి కట్టుతోనే వచ్చి ముప్పావు గంట మాట్లాడారు. తారు అనేది యాత్రికుడికీ అనుభూతికీ మధ్య మనం అజ్ఞానంతో వేసిన నల్లని తెర అన్నారు. కంకర కేవలం రాయి కాదనీ, భూమి తనను తాను చదివి వినిపించే లిపి అనీ అన్నారు. బురుజుపాడు రోడ్డును మధ్యధరా తరహా గ్రావెల్ సైక్లింగ్ సర్క్యూట్‌గా ప్రకటిస్తున్నట్టు చెప్పి కూర్చున్నారు.

చెన్నకేశవులు లేచి, ఇప్పటికే వేసిన రెండు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్ల సంగతి అడిగాడు. తొలగించాలా సార్ అన్నాడు.

హిమకరరావు గారు నొచ్చుకున్నారు. "తొలగించడం అనే మాట వాడకండి, చెన్నకేశవులు గారూ. మనం విధ్వంసకులం కాదు. పునఃప్రాచీనీకరిస్తాం."

పునఃప్రాచీనీకరణకు అంచనా తయారుచేయడం చెన్నకేశవులుకు రెండు రోజుల పని అయింది. అచ్చు ఫారాల్లో తవ్వడానికి వరస ఉంది, పూడ్చడానికి ఉంది, అణగ్గొట్టడానికి ఉంది. చక్కగా ఉన్నదాన్ని చెదరగొట్టడానికి లేదు. చివరికి 'ఇతరములు' అన్న వరసలో రాశాడు. తారు పోసిన ఆడకూలీలే గడ్డపారలు తెచ్చుకొని తవ్వడానికి వచ్చారు. పోసినప్పుడు ఎంత కూలో తవ్వినప్పుడూ అంతేనా అని ముందే అడిగి, అంతేనని తెలిశాక గడ్డపారలు ఎత్తారు. చెన్నకేశవులు మాత్రం మూడు రోజులు మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి పట్టుకుపోయాడు.

నాలుగో రోజు బురుజుపాడు సర్పంచి బాలగురవమ్మ అక్కడికి వచ్చింది. అరవై ఏళ్లు దాటిన మనిషి. మూడేళ్ల కిందట ఆమె చిన్నకోడలు ఝాన్సీని తొలికాన్పుకు ఆటోలో తీసుకుపోతుంటే ఆరో కిలోమీటరు దగ్గర బిడ్డ పుట్టింది, తుమ్మలసంత చేరేలోగా పోయింది. అంతవరకూ ఓటు వేయడానికి తప్ప పంచాయతీ ఆఫీసు గడప తొక్కని గురవమ్మ ఆ తర్వాతి ఎన్నికల్లో నిలబడి గెలిచింది. రోడ్డు మంజూరు కావడానికి ఆమె ఎక్కిన ఆఫీసు మెట్లు ద్వీపంలోని ఆ రాతి మెట్ల కన్నా ఎక్కువ.

తవ్విపోసిన తారు పెళ్లలను ఆమె కొంతసేపు చూసింది.

"రోడ్డెయ్యటం చూశా. వానకి కొట్టుకపోవటం చూశా. ఏసినోడే తవ్వటం ఇప్పుడే చూస్తన్నా నాయనా," అంది.

చెన్నకేశవులు తల దించుకొని, పైనుంచి ఉత్తర్వు అన్నాడు. ఆ పైనున్నాయన ఈ రోడ్డు మీద ఎన్నిసార్లు వచ్చాడని ఆమె అడిగింది. ఇంకా రాలేదన్నాడు. గురవమ్మ ఊరివైపు నడిచింది.

తారు పోయాక కంకర వచ్చింది. పాత కంకర అంతర్జాతీయ ప్రమాణాలకు తగదని తేలింది. ఇరవై నుంచి నలభై మిల్లీమీటర్ల మధ్య ఉండాలట. కూలీలు జల్లెడలు పెట్టి, రోడ్డు మీద రాళ్లను ఎత్తి, జల్లించి, మళ్లీ రోడ్డు మీదే పోశారు. దారిలో ముప్పై ఒక్క గుంతలు తేలాయి. వాటిని గుంతలు అనకూడదనీ, భూస్వరూప విశేషాలు అనాలనీ సర్క్యులర్ వచ్చింది. ఒక్కోదానికీ నంబరు వేసి పక్కన చిన్న రాయి పాతారు. పదిహేడో విశేషంలో ఎవరో పొయ్యిబూడిద పోసి పూడ్చారని ఒకరోజు విచారణ జరిగింది. పోసింది సర్పంచే అని తేలినందువల్ల విచారణ ఆపి, బూడిద ఎత్తించారు.

ఆలివ్ మొక్కలు మూడు వందలు వచ్చాయి. మే నెలలో నాటారు, మే నెలలోనే ఎండిపోయాయి. దారిపక్క కానుగ చెట్లు దూరం నుంచి చూస్తే దాదాపు అలాగే ఉంటాయని ఎవరో గమనించడంతో వాటికి 'స్థానిక ఆలివ్' అని రేకుబిళ్లలు కొట్టారు.

అసలు చిక్కు చారిత్రక ప్రదేశాల దగ్గర వచ్చింది. నిబంధన ప్రకారం రెండు కిలోమీటర్లకు ఒకటైనా ఉండాలి. ఊరికి పేరు తెచ్చిన బురుజు ఒకటుంది. మెట్లబావి ఒకటుంది. ఇంకా రెండు తగ్గాయి. ఏనాడో మూసేసిన సున్నపుబట్టీని మూడోదిగా రాసుకున్నారు. నాలుగోదాని కోసం నిపుణుల సంఘం ఊరంతా తిరిగి, ఊరి మొదట్లో ఎనిమిదో కిలోమీటరు దాటాక ఉన్న పద్నాలుగు సిమెంటు స్తంభాల దగ్గర ఆగింది. వాటి మీద కప్పు లేదు. మధ్యలో తుమ్మచెట్లు మొలిచాయి. స్తంభాల నెత్తిన ఇనుప కడ్డీలు తుప్పుపట్టి ఆకాశంలోకి వంకరపోయి ఉన్నాయి. సంఘం వాటి చుట్టూ తిరిగి చూసింది. ఆ దృశ్యంలో కాలం గడ్డకట్టి ఉందని ఒక సభ్యుడు అన్నాడు.

అవి ఊరికి మంజూరైన ఆరోగ్య ఉపకేంద్రం స్తంభాలు. మొదలుపెట్టి పద్నాలుగేళ్లయింది, పైకప్పు దాకా రాలేదు. ఏయెన్నెమ్ దీవెనమ్మ ఆ పద్నాలుగేళ్లుగా పక్కనున్న రేకుల గదిలో టీకాలు వేస్తూ, ఏడాదికొకసారి కప్పు వెయ్యమని అర్జీ రాస్తూ వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. తుమ్మలసంత నుంచి రోజూ సైకిల్ మీద వస్తుంది. కొన్నాళ్లు స్కూటీ కొనుక్కుని తిరిగింది గాని, ఆ రోడ్డు మీద అది ఏడాదిన్నరకే ఊడిపోతే మళ్లీ పాత సైకిలే ఎక్కింది. ఆ ఏడాది ఆమె అర్జీకి మొదటిసారిగా జవాబు వచ్చింది. సదరు స్తంభ మండపం వారసత్వ జాబితాలో చేరినందున, దానిపై కప్పు వేయుట, సున్నము కొట్టుట, రోగులను కూర్చుండబెట్టుట నేరముగా పరిగణింపబడును అని అందులో ఉంది. స్తంభాల ముందు పలక కూడా పాతారు. 'స్తంభ మండపం. కాలం అనిశ్చితం. ఉపయోగం తెలియరాలేదు.'

ఉపయోగం తనకు తెలుసని దీవెనమ్మ హిమకరరావు గారికి ఒక ఉత్తరం రాసింది. దానికి జవాబు రాలేదు.

జూన్‌లో సర్క్యూట్ మొదలైంది. తుమ్మలసంత చివర గేటు కట్టి కాపలా పెట్టారు. బస్సు చక్రాలకు కంకర అణిగి సహజత్వం పోతుందని, ఉన్న ఒక్క బస్సునూ గేటు దగ్గరే వెనక్కి తిప్పించారు. ఆటోలకు ప్రవేశం లేదు. మోటారు సైకిళ్లు ఇంజను ఆపి నెట్టుకుంటూ పోవచ్చు. ఎడ్లబండ్లను ఫొటోల అవసరానికి అనుమతించారు. సరుకులు, మూటలు, ముసలివాళ్లు బండి కోసం గేటు దగ్గర కాచుకుంటే, బండివాడు ఎవరైనా ఫొటో తీసేవాళ్లు వస్తారేమోనని కాచుకునేవాడు.

సైక్లిస్టుల కోసం మాత్రం ఏ లోటూ చేయలేదు. ఆ విషయంలో హిమకరరావు గారు నిజాయితీపరులు. తను పడ్డప్పుడు ద్వీపంలో ఎవరో ముసలావిడ నీళ్లిచ్చి, ఎవరో జీపులో ఎక్కించుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోవడం ఆయన మరచిపోలేదు. అందుకని రిజిస్టరైన ప్రతి రైడరుకూ రెండు కిలోమీటర్లకొకచోట చల్లని మంచినీళ్లు, మంగళ శుక్రవారాల్లో డాక్టరు, విశ్రాంతికి నీడ, దెబ్బ తగిలినా ఒంట్లో బాగా లేకపోయినా తీసుకుపోవడానికి రెస్క్యూ జీపు. ఆ జీపుకు కుదుపు తెలియకుండా ప్రత్యేకమైన స్ప్రింగులు తెప్పించారు. డ్రైవరు ఖాసింవలి దాన్ని రోజుకు రెండుసార్లు కడిగి, ఊరి మొదట్లో నీడన పెట్టుకొని కూర్చునేవాడు.

లేనిదల్లా రైడర్లు. అయిదు నెలల్లో పదకొండుమంది వచ్చారు. వాళ్లలో నలుగురు సంస్థ ఉద్యోగులే. ఒకాయన బెంగళూరు నుంచి వచ్చి నాలుగో కిలోమీటరు దాకా పోయి, సైకిల్ని ఎడ్లబండిలో వేసుకుని తిరిగొచ్చాడు. డాక్టరు మంగళ శుక్రవారాల్లో వచ్చి, దినపత్రిక మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి వెళ్లిపోయేవాడు. ఊళ్లోవాళ్లు ఆయన కుర్చీ ముందునుంచే దగ్గుకుంటూ పోయేవాళ్లు. వాళ్లు రైడర్లు కారు కాబట్టి ఆయన చూడకూడదు. పాపం ఆయనకూ చూడాలనే ఉండేది.

నవంబరులో ఒకరోజు, అన్నాలవేళ, గురవమ్మ చిన్నకోడలు ఝాన్సీకి రెండో కాన్పు నొప్పులొచ్చాయి. ఇంకా రెండు వారాలు ఉందని ఇంట్లో ధైర్యంగా ఉన్నారు. దీవెనమ్మ చెయ్యి పెట్టి చూసి, బిడ్డ అడ్డంగా ఉందనీ, ఇక్కడ కాదనీ, వెంటనే పెద్దాసుపత్రికి పోవాలనీ చెప్పింది. అంబులెన్స్‌కు ఫోను చేశారు. అది గేటు దగ్గరికి వచ్చి ఆగింది. కాపలా మనిషి తాళం తీయడానికి పై ఆఫీసుకు ఫోను చేస్తే, పై ఆఫీసు ఇంకా పైకి చేస్తామంది. గేటు తొమ్మిది కిలోమీటర్ల అవతల ఉంది.

గురవమ్మ గడపలోనే కూలబడిపోయింది. అన్ని ఆఫీసులూ ఎక్కిన మనిషి ఆ పూట గడపలోనుంచి లేవలేకపోయింది. మళ్లీ ఆ రోడ్డే, మళ్లీ ఆ పిల్లే అని తనలో తను అనుకుంటూ ఉంది.

దీవెనమ్మ ఝాన్సీని ఇద్దరు ఆడవాళ్ల భుజాల మీద వేసి ఊరి మొదటికి నడిపించుకొచ్చింది. జీపు అక్కడే ఉంది. ఖాసింవలి లేచి నిలబడ్డాడు. రైడరు నంబరు లేకుండా జీపు కదిలితే తన ఉద్యోగం పోతుందనీ, ఇంటి దగ్గర ముగ్గురు పిల్లలున్నారనీ చెప్పాడు. చెబుతూనే వెనక తలుపు తెరిచాడు. తెరిచిన తలుపు పట్టుకునే నిలబడ్డాడు.

"రైడరంటే ఎవరయ్యా?" అని దీవెనమ్మ అడిగింది.

"ఫారం నింపినోళ్లమ్మా."

ఫారాల కట్ట జీపులోనే ఉంది. అయిదు నెలలుగా వాడకపోవడంతో దుమ్ము పట్టింది. దీవెనమ్మ జీపు బానెట్ మీద పెట్టుకుని నిలబడే రాసింది. పేరు ఝాన్సీ. వయసు ఇరవై మూడు. రక్తం గ్రూపు ఆమెకు నోటికే తెలుసు. సైకిలు అన్నచోట తన సైకిలు రాసింది. అది రాశాక ఆమెకే మనసు ఒప్పుకోలేదో ఏమో, సైకిల్ని దొర్లించుకొచ్చి, ఝాన్సీ చేతిని ఒక్క క్షణం హ్యాండిల్ మీద పెట్టించి తీసేసింది. చివరన, ధ్రువీకరించు అధికారి సంతకం అని ఒక గడి ఉంది.

ఆ వారం కంకర కొలవడానికి వచ్చిన చెన్నకేశవులు పక్కనే టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. దీవెనమ్మ ఫారం అతనికిచ్చింది. అతను పెన్ను తీశాడు. రెస్క్యూకు కారణం అన్నచోట, 'కొండదారిలో ప్రయాణం చేయవలసి ఉండగా రైడరుకు తీవ్రమైన కడుపునొప్పి' అని రాసి సంతకం పెట్టాడు. పదకొండేళ్లలో దొంగ రాత రాయడం అదే మొదటిసారి అనుకుంటూ రాశాడు గాని, మళ్లీ చదువుకుంటే అందులో అబద్ధం ఒక్క మాట కూడా కనిపించలేదు.

జీపు కదిలింది. దీవెనమ్మ వెనకెక్కింది. ముప్పై ఒక్క భూస్వరూప విశేషాల మీదుగా ఆ జీపు ఝాన్సీకి కుదుపు తెలియకుండా పోయింది. ఆరో కిలోమీటరు దగ్గర తను కళ్లు గట్టిగా మూసుకున్నాననీ, మళ్లీ తెరిచేసరికి గేటు కనిపించిందనీ ఝాన్సీ తర్వాత చెప్పింది. రెస్క్యూ జీపు కాబట్టి గేటు ఎవరినీ అడగకుండానే తీశారు. సాయంత్రం నాలుగు గంటలకు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. తల్లీ బిడ్డా క్షేమమని కబురు వచ్చేదాకా చెన్నకేశవులు ఊళ్లోనే ఉండిపోయాడు. కబురు వచ్చాక గురవమ్మ అతనికి అన్నం పెట్టింది. చాలా రోజుల తర్వాత అతను రెండోసారి అడిగి పెట్టించుకుని తిన్నాడు.

మరుసటి వారం సంస్థ నుంచి లెటరు వస్తే అందరూ భయపడ్డారు. విప్పి చూస్తే అభినందన. సర్క్యూట్ మొదలైన తర్వాత ఇదే తొలి రెస్క్యూ అనీ, ఒక గ్రామీణ మహిళా రైడరును సకాలంలో కాపాడిన సిబ్బంది ఆదర్శప్రాయులనీ హిమకరరావు గారు స్వయంగా రాశారు. గురవమ్మ దాన్ని దీవెనమ్మ చేత రెండుసార్లు చదివించుకుంది. ఆ తర్వాత ఊళ్లో ఇంటింటికీ తిరిగింది.

నెల తిరిగేసరికి బురుజుపాడులో ఆరువందల పద్నాలుగు మంది రైడర్లయ్యారు. ఊరి జనాభా ఆరువందల నలభై. మిగిలినవాళ్లు వలసపోయి ఊళ్లో లేరు. బీపీ ఉన్నవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు ఛాతీ మీద నంబరు గుడ్డ కట్టుకుని, నెత్తిన హెల్మెట్ పెట్టుకుని మంగళ శుక్రవారాల్లో డాక్టరు ముందు వరసగా కూర్చునేవాళ్లు. డాక్టరు దినపత్రిక మానేశాడు. రేషన్ బియ్యం రైడర్ల ఆహారంగా జీపులో వచ్చింది. చాలామంది ఫారాల్లో సైకిలు ఒక్కటే, దీవెనమ్మది. పక్షవాతం వచ్చి మంచం మీదున్న పేరయ్య తాత ఫారంలో సైకిలు రకం అన్నచోట ఎవరో 'కదలనిది' అని రాశారు. కదలని సైకిలు తొక్కడం కూడా అంతర్జాతీయంగా గుర్తింపు పొందిన వ్యాయామమేనని ఆఫీసు ఆమోదించింది.

జనాభాలో రైడర్ల నిష్పత్తి మధ్యధరా ద్వీపాన్ని మించిపోయిందని హిమకరరావు గారు నివేదిక పంపారు. మాతృద్వీపం నుంచి ఒకరు వచ్చి చూస్తే బాగుంటుందని పైనుంచి సూచన వచ్చింది. ఆయన అక్కడ ఎవరింట్లో బస చేశారో ఆ పెద్దాయననే పిలిపించారు. పేరు సాల్వతోరె. డెబ్బై ఏళ్లు, పొట్టి మనిషి, బడిపంతులుగా పనిచేసి ఇప్పుడు తన కొండపల్లెకు మేయరుగా ఉన్నాడు.

జనవరిలో సభ. మంత్రిగారు వచ్చారు. స్తంభ మండపం ముందు వేదిక కట్టారు. కదలగలిగిన రైడర్లంతా నంబర్లు కట్టుకుని ఎండలో కూర్చున్నారు. సాల్వతోరె సైకిల్ మీద మూడు కిలోమీటర్లు వచ్చి, దిగి, మిగతా దూరం నెట్టుకుంటూ నడిచొచ్చాడు. స్తంభాల దగ్గర ఆగి, వేలితో సిమెంటును గీకి చూసి, అనువాదకురాలి ద్వారా దీవెనమ్మను ఏదో అడిగాడు. ఆమె చెప్పింది విని తల ఆడించాడు. తర్వాత చేతిలో పెట్టిన రంగుల పుస్తకం తిప్పుతూ వేదిక మీద కూర్చున్నాడు. ఆ పుస్తకంలో రోడ్డు ఫొటోలు పక్కపక్కన వేశారు. 'ముందు' అన్నచోట నిగనిగలాడే తారు. 'తర్వాత' అన్నచోట కంకర.

ఆయన ప్రసంగం మొదట్లో మర్యాద మాటలే. హైదరాబాదు నుంచి వచ్చిన అనువాదకురాలు స్నిగ్ధ ఒక్కో వాక్యం తెలుగులో చెబుతూ వచ్చింది. తర్వాత ఆయన పుస్తకం పైకెత్తి చూపిస్తూ కొంచెం ఎక్కువసేపు మాట్లాడాడు. స్నిగ్ధ ఆగింది. సారాంశం చెబితే చాలమ్మా అన్నారు హిమకరరావు గారు. తనను పెట్టుకున్నది మాట పొల్లుపోకుండా చెప్పడానికని ఆమె మర్యాదగా జవాబిచ్చి, మైకు దగ్గరికి జరిగింది.

"ఈ పుస్తకంలో రెండు ఫొటోలూ తారుమారై పడ్డాయని ఆయన అనుకున్నారట. కంకర ముందు, తారు తర్వాత అనుకుని, ఆ తారు చూడాలని దారంతా వెతుక్కుంటూ వచ్చారట. వాళ్ల ఊరి రోడ్డుకు తారు వెయ్యమని ముప్పై ఏళ్లుగా అర్జీలు పెడుతున్నారట. ఇలాంటి స్తంభాలు వాళ్లకీ ఉన్నాయట, ఆసుపత్రివే, ఇరవై రెండేళ్లుగా. బురుజుపాడు వాళ్లు తారు ఎలా తెప్పించుకున్నారో, అర్జీ ఎవరికి రాశారో చెబితే తనూ అలాగే రాస్తానని అడుగుతున్నారు."

అప్పుడు గురవమ్మ లేచింది. ఛాతీ మీద నంబరు గుడ్డ కట్టుకునే ఉంది.

"నేనే రాశానయ్యా," అంది. "రాస్తే ఏశారు. ఏసినాక మీ ఊళ్లో లేదని తవ్వారు."

స్నిగ్ధ అది కూడా పొల్లుపోకుండా ఆయన భాషలో చెప్పింది. సాల్వతోరె హిమకరరావు గారి వైపు తిరిగి కోపమేమీ లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు చూశాడు. హిమకరరావు గారు మోచెయ్యి నిమురుకున్నారు. మంత్రిగారు కార్యదర్శి చెవిలో ఏదో అడిగి, ఆయన చెప్పింది విని, మైకు అందుకున్నారు. ఈ రోడ్డుకు తక్షణం తారు వేయాలన్నది మొదటినుంచీ తమ ఉద్దేశమని ప్రకటించారు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది హిమకరరావు గారే.

ఉత్తర్వు పది రోజుల్లో వచ్చింది. మధ్యధరా ప్రాంత ప్రజల చిరకాల ఆకాంక్ష అయిన తారును ఆ ప్రాంతం కంటే ముందుగా మన జిల్లాలో సాకారం చేయాలని సంకల్పించడమైనది అని దాని మొదటి వాక్యం. చెన్నకేశవులు మళ్లీ రోలరు తెచ్చాడు. అవే ఆడకూలీలు వచ్చారు. ఈసారి మళ్లీ తవ్వేదెప్పుడని వాళ్లు అడిగితే అతను నవ్వాడు. గేటు తీసేశారు. ఏప్రిల్ మొదటికి ఎనిమిదో కిలోమీటరు దాటి స్తంభాల దగ్గరికి పని వచ్చింది.

అక్కడ ఉండగానే ఇంకో లెటరు వచ్చింది. సర్క్యూట్‌లో కంకర పూర్తిగా లేకుండాపోయిన తేదీ నుంచి రైడర్ల సౌకర్యాలన్నీ రద్దవుతాయనీ, జీపు, డాక్టరు, మంచినీళ్లు వెనక్కి తీసుకుంటామనీ, ఆరువందల పద్నాలుగు మందీ నంబరు గుడ్డలు ఉతికి అప్పగించాలనీ అందులో ఉంది.

చెన్నకేశవులు దాన్ని గురవమ్మకు చదివి వినిపించాడు. ఆమె తారు మీద, ఎండలోనే, చాలాసేపు నిలబడింది. రోడ్డు వస్తే డాక్టరు పోతాడు, డాక్టరు కావాలంటే రోడ్డుండకూడదు. ఈ లెక్క ఎవరు కట్టారో ఆమెకు అర్థం కాలేదు.

"ఒక్క ఫర్లాంగు కంకర ఉంచగూడదా నాయనా," అని అడిగింది చివరికి.

చెన్నకేశవులు రాత్రిదాకా ఆగకుండా అప్పుడే రోలరు నీడన కూర్చుని నిబంధనల పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాడు. సర్క్యూట్ ఎంత పొడుగు ఉండాలో ఎక్కడా లేదు. అంత చిన్నది ఎవరైనా అడుగుతారని రాసినవాళ్లకు తోచి ఉండదు. లేచి, స్తంభాల చుట్టూ టేపు పట్టి, రెండు వందల మీటర్ల మేర గుండ్రంగా ముగ్గు పోయించాడు. ఊళ్లోకి పోయే రోడ్డు దాని పక్కనుంచి నల్లగా, సాఫీగా సాగిపోయింది. ఆ గుండ్రని దారిలో మాత్రం ఇరవై నుంచి నలభై మిల్లీమీటర్ల కంకర, జల్లెడ పట్టి మరీ పోయించాడు. నిబంధనల్లో రైడర్ల విశ్రాంతికి నీడ అన్న మాట కూడా ఉంది. మండపం మీద కప్పు వేయడం నేరమన్నారుగాని, రైడర్లకు నీడ కల్పించడం కాదు. నీడకు ఆధారంగా అందుబాటులో ఉన్న స్తంభాలు వాడుకోవడమైనది అని రాసి, పద్నాలుగు స్తంభాల మీద స్లాబు పోయించాడు. పోస్తున్న రోజు దీవెనమ్మ సెలవు పెట్టి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చుంది.

అంత చిన్న సర్క్యూట్ ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదని హిమకరరావు గారు సంతోషించి, కొనసాగింపుకు సంతకం పెట్టారు.

స్లాబు కింద డాక్టరు కూర్చున్న మొదటి మంగళవారం బస్సు వచ్చింది. దాంట్లో పుట్టింటి నుంచి ఝాన్సీ పాపతో దిగింది. పాపకు అయిదు నెలలు, జలుబు చేసి ముక్కు కారుతోంది. డాక్టరు స్టెతస్కోపు చేతిలోకి తీసుకుని, అలవాటు ప్రకారం రైడరు నంబరు అడిగాడు. పాపకు నంబరు లేదు. దీవెనమ్మ ఖాళీ ఫారం తీసి, ఆరువందల పదిహేను అని వేసి, పేరు రాసింది, వయసు రాసింది. తర్వాతి గడిలో సైక్లింగ్‌లో రైడరు అనుభవం ఏపాటిదని ఉంది.

ఆమె కొంచెంసేపు ఝాన్సీ ఒళ్లోని పాపను చూసి, ఉన్నది ఉన్నట్టే రాసింది.

'ఇప్పుడిప్పుడే బోర్లాపడుతోంది.'